పట్టీకి రెండు వేళ్ళ దూరం

ఆరు వారాలకోసారి అంటుంది హైమావతి,
శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో, మందుల షాపు మేడ మీద,
తడి జుత్తు పాయలు తీస్తూ.
చివర్లు చీలిపోతున్నాయక్కా, చూడండి,
ఒక్కో వెంట్రుకా రెండు నాలుకల పాములా.
నాకు పాము కనపడదు.
గోడ మీద రేట్ల బోర్డు కనపడుతుంది.
చివర్ల కత్తిరింపు నూట యాభై.
పొద్దున్న ఇదే హైమావతికి
నా బస్సులో సున్నా టికెట్ కొట్టాను.
సాయంత్రం ఆమె నాకు నూట యాభై కొడుతోంది.
సర్కారు లెక్క సర్కారుది, కత్తెర లెక్క కత్తెరది.

కళింగపట్నం రూటు నాది, ఆరేళ్ళుగా.
సింగుపురం దాటాక గాలి మారుతుంది.
పోయేటప్పుడు ఖాళీ బుట్టలు, వచ్చేటప్పుడు చేపలు,
ఎన్ని కిటికీలు మూసినా మూతపడని కిటికీ ఒకటి.
నాలుగో ట్రిప్పుకి నా జడ
పడవ మోకులా బిరుసెక్కుతుంది.

ఎన్నాళ్ళకోసారి కత్తిరించుకోవాలో
బస్సులో అందరికీ తెలుసు, నాకు తప్ప.
అమావాసెల్లిన మూడోనాడమ్మా, అంటుంది చేపల పోలమ్మ,
అప్పుడైతే ఏపుగా ఒస్తాది.
మంగళారం ఒద్దు, సుక్కురారం అసలే ఒద్దు,
నువ్వు పుట్టినారం ఒద్దు.
నాకు వారానికి ఒక్కటే ఆఫ్. అది మంగళవారం.
డ్రైవర్ పారినాయుడు అద్దంలోంచి నవ్వుతాడు.
ఆయనకి రెండో ఆదివారం, నాలుగో ఆదివారం,
కుర్చీ, తువ్వాలు, పేపరు, అరగంట.
టైరు అరుగుదల చూసినట్టు
మెడ వెనక ఒకసారి తడుముకుని వెళ్ళిపోతాడు.
ఎందుకని ఎవరూ అడగలేదు.

మా అత్త ఎర్రమ్మకి వారాలు లేవు, తిథులు లేవు.
ఒలే, ఆడకూతురి జుత్తు కత్తెర మరిగితే
ఇల్లు నిలబడదే.

అత్తా, గుర్తుందా,
బుజ్జిగాడికి జ్వరం తలకెక్కిన ఏడు
సింహాద్రి అప్పన్నకి మొక్కింది నువ్వు,
ఇచ్చింది నేను.
నడుం దాటిన జడ
మూడు నిమిషాల్లో తడి గచ్చు మీద.
గుండుకి గంధం నువ్వే రాశావు,
సల్లగుందేటమ్మా అని నువ్వే అడిగావు.
ఇల్లు నిలబడింది.
బుజ్జిగాడూ నిలబడ్డాడు, ఇప్పుడు నా భుజం ఎత్తు.
మొత్తం ఇచ్చేస్తే పుణ్యం.
రెండంగుళాలు నాకు నేను తీసుకుంటే అరిష్టం.
ఏ స్టేజీలో పుణ్యం దిగి అరిష్టం ఎక్కుతుందో
నా మెషిన్ చెప్పదు.

ఆ మూడు నెలలూ బోడి తలతోనే డ్యూటీ చేశాను.
సముద్రం గాలి నేరుగా నెత్తిన చెయ్యి పెట్టేది.
ఎవరితోనూ అనలేదు గానీ
బాగుండేది.

పోయిన ఏడాది, సంత రోజు రష్షులో
ఓ ముసలాయన దిగుతున్నాడని చెయ్యందించబోతే
క్యాష్ బ్యాగు పట్టీ బకిల్లో జడ కొస చిక్కింది.
మెడ అక్కడే ఉండిపోయింది, చెయ్యి గాల్లో.
తన పాటికి తాను దిగి, కర్ర సర్దుకుని,
వెనక్కి తిరిగి అన్నాడు:
నిన్ను కట్టీసినారేటమ్మా?

అదీ నా తిథి.
ఆరు వారాలు కాదు, అమావాస్య కాదు,
పట్టీ దాకా వస్తే కత్తెర.
ఒకోసారి మూడు నెలలు, ఒకోసారి ఐదు.
డేట్ ఎలా రాసుకోనక్కా అని హైమావతి గునిసింది.
అత్తకి చెప్పలేదు.
మొన్న నూనె రాస్తూ
జడ చివర తన వేళ్ళతో కొలిచింది,
ఏదో అనబోయింది,
రబ్బరు బ్యాండు రెండుసార్లు తిప్పి వదిలేసింది.

కళింగపట్నంలో పది నిమిషాలు హాల్టు.
పారినాయుడు టీకి దిగాడు.
ఖాళీ సీట్లు, లైట్‌హౌస్ మీద ఎండ.
జడ ముందుకు లాక్కుని బకిల్ పక్కన పెట్టి చూశాను.
ఇంకా రెండు వేళ్ళు.
పోలమ్మ బుట్ట ఎక్కిస్తోంది,
వెనక తలుపు దగ్గర ఎవరో తోసుకుంటున్నారు.
తోసుకోకండమ్మా,
జాగా ఉంది ఇంకా.